ఎందుకు అని అడగకండి, ఎం-బుక్ అడగండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కోనసీమలో శివారు ఊరు, నాన్నగారికి మూడెకరాల వరి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మీ పంట కాలువకి పూడిక తీశామని బిల్లు చేసుకున్నారు, మీరు ఊరెళ్లి చూస్తే తూడూ గుర్రపు డెక్కా ఎక్కడివక్కడే ఉన్నాయి. హైదరాబాద్ నుంచి సమాచార హక్కు చట్టం కింద ఐదు ప్రశ్నలు పెట్టారు. "మీరు కోరినది సమాచారం నిర్వచనం పరిధిలోకి రాదు" అని ఒకే ఒక్క వాక్యంతో జవాబొచ్చి 22 రోజులైంది. ఇక ఈ చట్టంతో ఏమన్నా అవుతుందా, వదిలేయాలా అని అడిగారు.

వదలొద్దండి. మీ చేతిలో ఇంకా 8 రోజులున్నాయి, ఆ లెక్క కింద చెప్తాను.

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే నా మాట ఎందుకు వినాలో మీకు తెలీదు. డెల్టాలోనే ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. 2005 అక్టోబర్ 12న చట్టం అమల్లోకి వచ్చిన దగ్గర్నుంచి దరఖాస్తులన్నీ నా టేబుల్ మీదికే వచ్చేవి, జవాబు డ్రాఫ్టు నేనే పెట్టేవాణ్ని, సంతకం పైవాళ్లది. మీకొచ్చిన లాంటి వాక్యాలు నా చేత్తో నేనే రాశాను, ఒకటీ రెండూ కాదు. కొన్నిటికి అది సరైన జవాబే. కొన్నిటికి మాత్రం రైతుకి అడగడం రాలేదని తెలిసి, ఆ సందులోంచి తప్పించుకున్న జవాబు. రిటైరైన దగ్గర్నుంచి ఎవరొచ్చినా దరఖాస్తు రాసిపెడుతున్నది అందుకే.

మీ ఐదు ప్రశ్నలు చూడండి. పూడిక ఎందుకు తీయలేదు, దీనికి బాధ్యులెవరు, వాళ్లమీద ఏం చర్య తీసుకుంటారు, మళ్లీ ఎప్పుడు తీస్తారు, బిల్లు కాపీ ఇవ్వండి. మొదటి నాలుగూ కోపంలోంచి వచ్చిన ప్రశ్నలు, ఆ కోపం న్యాయమైనదే. కానీ చట్టం ప్రకారం ఆఫీసరు ఇవ్వాల్సింది ఆఫీసులో అప్పటికే ఉన్న కాగితం. మన కోసం కొత్తగా సంజాయిషీ రాయడం, అభిప్రాయం చెప్పడం ఆయన పని కాదు. 2011లో సీబీఎస్ఈ జవాబు పత్రాల కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగానే చెప్పింది, ఆఫీసుల్లో ఆ తీర్పు అందరికీ నోటికొచ్చు. "ఎందుకు" అన్న మాట కనిపించగానే ఈ జవాబు రాసేస్తారు. ఐదోది అలా కాదు, బిల్లు కాపీ నూటికి నూరుపాళ్లు సమాచారమే. నాలుగు తప్పు ప్రశ్నల చాటున ఆ ఒక్క సరైన ప్రశ్నను కూడా కొట్టేశారు. మీ అప్పీలు దానిమీదే వేయాలి, మిగతా నాలుగు ఊసే ఎత్తొద్దు.

అప్పీలుతోపాటు కొత్త దరఖాస్తు కూడా పెట్టండి. అందులో ఏం అడగాలో తెలియాలంటే పూడికతీత పని కాగితం మీద ఎలా నడుస్తుందో ముందు తెలుసుకోవాలి. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే దరఖాస్తు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే.

కాలువ కట్టేశాక, పని మొదలుపెట్టక ముందు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కాలువ పొడవునా లెవెల్స్, అంటే మట్టాల కొలతలు, తీయించాలి. ఇన్ని మీటర్ల దగ్గర అడుగు మట్టం ఇంత అని రాసుకోవాలి. వీటినే ప్రీ-లెవెల్స్ అంటారు. పని అయ్యాక సరిగ్గా అవే చోట్ల మళ్లీ తీసేవి ఫైనల్ లెవెల్స్. రెండింటికీ మధ్య తేడా ఎంత లోతు తీశారో చెప్తుంది, దాన్ని వెడల్పుతో పొడవుతో కలిపి లెక్క కడితే ఇన్ని ఘనపు మీటర్ల మట్టి అని తేలుతుంది. ఆ లెక్కంతా ఎక్కేది మెజర్‌మెంట్ బుక్‌లో, అందరూ ఎం-బుక్ అనేది దాన్నే. ఏఈ రాస్తాడు, ఆయన పైనుండే డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం పెడతాడు, ఆ పేజీ ఆధారంగానే బిల్లు తయారవుతుంది. ఎం-బుక్‌కి నంబరుంటుంది, పేజీలకీ నంబర్లుంటాయి. పేజీ చింపకూడదు, చెరపకూడదు, కొట్టేస్తే పక్కన సంతకం ఉండాలి. ఏ ఎం-బుక్ ఎవరి చేతికిచ్చారో రాసే రిజిస్టరు వేరే ఉంటుంది. అంటే పని చేయకుండా బిల్లు తీసుకున్నవాడు ఆ అబద్ధాన్ని మీటర్లలో, మిల్లీమీటర్లలో, తేదీ వేసి, సంతకం పెట్టి ఎక్కడో ఒకచోట రాసే ఉంటాడు. మీరు చేయాల్సిందల్లా ఆ పేజీని బయటికి తెప్పించడం.

ఒక సంగతి చెప్తాను. రిటైరైన రెండేళ్లకి ఒక రైతుతో కలిసి రికార్డులు చూడ్డానికి ఒక ఆఫీసుకెళ్లాను. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. ఆయన చదివింది ఐదో తరగతి. ఎం-బుక్ మా ముందు పెట్టారు. నేను కళ్లజోడు తీసి అంకెలు కూడుతూ కూర్చున్నాను. ఆయన మాత్రం చైనేజీ, అంటే కాలువ మొదలు నుంచి ఎన్ని మీటర్ల దూరమో రాసే కాలమ్ మీద వేలు పెట్టి, నెమ్మదిగా కిందికి జరుపుతూ, "1,200 అంటే రావిచెట్టు... 1,300 మా కొబ్బరితోట గట్టు..." అని పైకే చదువుకుంటున్నాడు. 1,400 దగ్గర వేలు ఆగింది. అక్కడ 60 సెంటీమీటర్ల లోతు మట్టి తీశామని రాసుంది. "ఇక్కడ తూము కదండీ, అడుగంతా కాంక్రీటు. 60 సెంటీమీటర్లు తవ్వితే తూమే ఉండదు" అన్నాడు. అటువైపు కూర్చున్న గుమాస్తా తలెత్తలేదు. ముప్పై ఏళ్లు ఆ పుస్తకాలతోనే బతికిన నాకు ఆ తప్పు కనపడలేదు. కాలువ ఆయన తిరిగే దారి, నాకు అది అంకెలు మాత్రమే. అందుకే కాపీలు వచ్చాక మీరొక్కరే హైదరాబాద్‌లో కూర్చుని చదవొద్దు, నాన్నగారి పక్కన కూర్చుని చదివి వినిపించండి. వీలైతే కాలువగట్టు మీద నడుస్తూ చదవండి.

నేను అంకెల్లో పట్టుకునేది ఇంకొకటుంది, అదీ చెప్పేస్తాను. ఒక్క ఏడాది కాగితాలు అడగొద్దు, మూడేళ్లవి అడగండి. నిజంగా లెవెల్ యంత్రం పెట్టి తీసిన మట్టాలు ఏటా కొంచెమైనా మారతాయి, దశాంశం తర్వాత మూడో అంకె దాకా ప్రతి చోటా పోయినేడు ఉన్నట్టే ఈ ఏడూ ఉండటం జరగదు. మూడేళ్ల ప్రీ-లెవెల్స్ పక్కపక్కన పెట్టినప్పుడు కాలమ్ కాలమ్ ఒకేలా కనిపిస్తే ఆ ఏడాది ఎవరూ కాలువలోకి దిగలేదు, పాత పేజీ చూసి కొత్త పేజీ నింపారు.

దరఖాస్తు తెలుగులోనే రాయండి, చట్టంలో ఆ హక్కుంది. పైన "ప్రజా సమాచార అధికారి" అని, ఆఫీసు పేరు రాస్తే చాలు, మనిషి పేరు అక్కర్లేదు. విషయం దాదాపు ఇలా ఉండాలి: "ఫలానా పంట కాలువ, ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు వరకు, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో జరిగిన పూడికతీత, కలుపు తొలగింపు పనులకు సంబంధించి: మంజూరైన ఎస్టిమేట్, పని అప్పగించిన ఉత్తర్వు లేదా అగ్రిమెంటు, ప్రీ-లెవెల్స్, ఫైనల్ లెవెల్స్, ఎం-బుక్‌లో సంబంధిత పేజీలు, చెల్లించిన బిల్లులు, పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు, వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు. నకళ్లు తీసుకునే ముందు సెక్షన్ 2(జె) ప్రకారం ఈ రికార్డులను స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలియజేయగలరు." అంతే. ఎందుకు కావాలో రాయొద్దు, సెక్షన్ 6(2) ప్రకారం కారణం చెప్పనక్కర్లేదు. అవినీతి, దోపిడీ, దొంగబిల్లులు, ఈ మాటలు ఒక్కటీ ఉండకూడదు. ఆ మాట కనిపించిందంటే దరఖాస్తు చదివే మనిషి కాగితం వెతకడం మానేసి తనని తాను కాపాడుకునే దారి వెతుకుతాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను.

పరిశీలన తప్పకుండా అడగండి. మన రాష్ట్ర రూల్స్‌లో మొదటి గంట ఉచితం, ఆ తర్వాత ప్రతి పావుగంటకి 5 రూపాయలు. కాపీ అడిగితే వాళ్లు ఎంచిన పేజీలు వస్తాయి, వెళ్లి కూర్చుంటే ఫైలు మొత్తం కళ్లముందు ఉంటుంది, ఆఫీసర్లు తమలో తాము రాసుకున్న నోట్ ఫైలుతో సహా. చూసి కావలసిన పేజీలకి ఫ్లాగులు పెట్టి వాటి కాపీలే అడగొచ్చు, పేజీకి 2 రూపాయలు. దరఖాస్తు ఫీజు గ్రామస్థాయి ఆఫీసుకి ఏమీ లేదు, మండల స్థాయికి 5, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకి ఏ ఫీజూ లేదు, కార్డు జిరాక్సు జతచేస్తే చాలు.

30 రోజుల్లో జవాబు రావాలి. అది ఆ ఆఫీసుది కాకపోతే 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకి వాళ్లే పంపాలి, "అక్కడ అడుక్కోండి" అని తిప్పి పంపకూడదు. కాపీల డబ్బు కట్టమని ఉత్తరం వస్తే వెంటనే కట్టేయండి, ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు కట్టేదాకా గడువు లెక్కలోకి రాదు, చాలామంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. గడువు దాటించి ఇస్తే మాత్రం 7(6) ప్రకారం కాపీలు ఉచితంగా ఇవ్వాలి.

ఇప్పుడు మీ 8 రోజుల సంగతి. జవాబు అందిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి, అదే శాఖలో మీకు జవాబిచ్చిన ఆఫీసరు పై అధికారికి. ఒక పేజీ చాలు. "నా దరఖాస్తులో ఐదో అంశం బిల్లు నకలు. ఇది సెక్షన్ 2(ఎఫ్) కింద సమాచారమే. ఏ మినహాయింపు కింద నిరాకరించారో జవాబులో లేదు. ఇప్పించగలరు." పాత దరఖాస్తు, వాళ్ల జవాబు, కవరు మీద పోస్టు ముద్ర జిరాక్సు జతచేసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అప్పీలుకి మన దగ్గర ఫీజు లేదు. నిరాకరించడం న్యాయమేనని నిరూపించుకోవాల్సింది ఆఫీసరే, 19(5)లో ఉంది. 30 రోజుల్లో, కారణం రాసి 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కి.

కమిషన్ దగ్గర నెలల తరబడి పడుతుంది, మీకు అబద్ధం చెప్పను. అయినా వేయాలి. గుర్తుంచుకోండి, అక్కడికి రెండు దారులున్నాయి. సెక్షన్ 18 కింద ఫిర్యాదు, సెక్షన్ 19 కింద అప్పీలు. ఫిర్యాదులో ఆఫీసరుకి జరిమానా వేయగలరు గానీ కాగితం ఇప్పించమని ఆదేశించలేరు, మణిపూర్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కోపంతో ఫిర్యాదు వేసి ఏడాది తిరిగి, చివరికి కాగితం చేతికి రాక నా దగ్గరికొచ్చినవాళ్లున్నారు. మీకు కాగితం కావాలి, అప్పీలే వేయండి. జరిమానా, రోజుకి 250 చొప్పున 25,000 దాకా, అప్పీల్లోనూ అడగొచ్చు.

కొత్త దరఖాస్తుకి ఏ సాకులు వస్తాయో కూడా తెలుసుకుని ఉండండి. "కాంట్రాక్టరు మూడో పక్షం" అంటారు. అలాంటప్పుడు ఆయనకి నోటీసిచ్చి, 10 రోజుల్లో ఆయన మాట విని, ఆఫీసరే నిర్ణయం తీసుకోవాలి. కాంట్రాక్టరు వద్దన్నంత మాత్రాన ఆగిపోదు. అయినా ప్రభుత్వ డబ్బుతో ప్రభుత్వ కాలువ మీద ప్రభుత్వ ఇంజనీరు రాసిన ఎం-బుక్ కాంట్రాక్టరుది ఎలా అవుతుంది? "వ్యక్తిగత సమాచారం" అన్న సాకు ఇక ముందు ఎక్కువ వస్తుంది. 2023 డేటా రక్షణ చట్టంతో 8(1)(జె)ని మార్చేశారు, 2025 నవంబర్‌లో అది అమల్లోకి వచ్చింది. అంతకుముందు ప్రజా పనితో సంబంధం లేని వ్యక్తిగత సమాచారానికే మినహాయింపు, ఇప్పుడు వ్యక్తిగత సమాచారమంటే చాలు. నాకు దీనిమీద చాలా బాధగా ఉంది, ఇరవై ఏళ్లు పనికొచ్చిన తలుపు సగం మూశారు. కానీ 8(2) అలాగే ఉంది, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చు. దానికి తోడు మీరే దరఖాస్తు చివర "ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటే సెక్షన్ 10 ప్రకారం కొట్టివేసి మిగతాది ఇవ్వండి" అని రాసేయండి. ఆ సాకు అక్కడికక్కడే పోతుంది.

"ఫైలు దొరకడం లేదు" అనేది ఇంకొకటి. సెక్షన్ 8 మొత్తం వెతికినా ఫైలు దొరక్కపోవడం అన్న మినహాయింపు లేదు. 2013లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి కేసులోనే, దొరకలేదంటే సరిపోదు, గట్టిగా వెతకాలి, అవసరమైతే విచారణ జరిపి బాధ్యులెవరో తేల్చాలి అంది. మీరు చేయాల్సింది ఎం-బుక్కుల రిజిస్టరులో ఆ నంబరు ఎవరి పేరున ఉందో ఆ పేజీ అడగడం. ఇంకో దారి, ఎస్టిమేట్ అనేది ఒక్క ఆఫీసులోనే ఉండదు, సబ్ డివిజన్‌లో, డివిజన్‌లో, పెద్ద పనైతే సర్కిల్‌లోనూ ఉంటుంది, బిల్లు పాస్ చేసిన చోట దాని నకలుంటుంది. ఒకచోట పోయిందంటే మరోచోట అడగండి.

మీరు అడగని విషయం ఒకటి. ఇప్పుడు కాలువలో నీళ్లున్నాయి, అడుగులో ఏముందో ఎవరూ చూపించలేరు. సార్వా (ఖరీఫ్) అయి, దాళ్వా (రబీ) కోతలయ్యాక మళ్లీ కాలువలు కట్టేస్తారు కదా, మన దగ్గర రుజువు కంటికి కనపడేది ఆ కొద్ది వారాలే. జూన్‌లో నీళ్లు వదిలారంటే తవ్వినదీ తవ్వనిదీ ఒక్కటే. సెక్షన్ 2(జె)లో రికార్డులే కాదు, పనిని కూడా పరిశీలించే హక్కుంది. 30 రోజుల గడువు లెక్కేసుకుని ఏప్రిల్ మొదటివారంలోనే దరఖాస్తు పెట్టండి, మే మధ్యలో పని జరుగుతుండగానే చూడొచ్చు. గట్టు మీద కిలోమీటరు రాయి కనపడేలా ఫొటోలు తీయించండి. మీ ఊళ్లో మురుగు కాలువ సమస్య కూడా ఉంటే దాని సర్వే నంబరుకి ఎఫ్ఎంబీ (సర్వే వాళ్ల కొలతల పటం) నకలు తీసుకోండి, డ్రెయిన్ అసలు వెడల్పు ఎంతో అందులో ఉంటుంది, ఎంత మిగిలిందో టేపు పెట్టి మీరే కొలవొచ్చు. 2011లో కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించారంటే గిట్టుబాటు ధర ఒక్కటే కారణం కాదు, ముంపు నీరు దిగక నారుమళ్లు కుళ్లిపోవడమూ ఉంది. ఆ ఏడు పొలాలు బీడుపెట్టి కూర్చున్న మనుషుల్ని చూశాను. అందుకే ఎం-బుక్‌లో ఒక దొంగ అంకె నాకు చిన్న తప్పుగా కనపడదు.

ఇక నాన్నగారి భయం. పని చేసినవాళ్లు ఊళ్లోవాళ్లే, రేపు నీళ్ల వంతు దగ్గర ఇబ్బంది పెడతారేమోనని ఆయన టెన్షన్ పడుతున్నారని రాశారు. అది కొట్టిపారేయాల్సిన భయం కాదు. దరఖాస్తు మీ పేరుతో, మీ హైదరాబాద్ అడ్రసుతోనే వెళ్లనివ్వండి, ఆ పొలం మీవాళ్లదని రాయనవసరం లేదు. జవాబు చేరడానికి కావలసిన వివరాలు తప్ప వేరే ఏదీ అడగకూడదని చట్టంలోనే ఉంది. 2013లో కలకత్తా హైకోర్టు పోస్ట్ బాక్స్ నంబరు ఇచ్చినా చాలంది. ఇంకా మంచిది, అదే దరఖాస్తు ఆ కాలువ కింద ఉన్న ఆరేడుగురు వేర్వేరుగా పెట్టడం. ఒక్కడైతే వాడి ఇంటికి మనిషిని పంపుతారు, ఏడుగురైతే ఫైలు తీస్తారు.

కాగితాలు చేతికొచ్చాక వెంటనే పత్రికలకీ విజిలెన్సుకీ పరుగెత్తకండి. ముందు ఊళ్లో చదవండి. ఈ చట్టం పుట్టిందే అలా. 1990ల్లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు కూలి మస్టర్లూ బిల్లులూ సంపాదించి, జనాన్ని కూర్చోబెట్టి, పేరు పేరునా పైకి చదివారు. పనికి రానివాళ్ల పేర్లు, కట్టని కట్టడాలు అక్కడికక్కడే బయటపడ్డాయి. మీ ఎం-బుక్ పేజీలు కూడా గ్రామసభలో చైనేజీ చైనేజీగా చదివితే, ఏ అంకె నిజమో ఏది కాదో చెప్పగలిగేవాళ్లంతా అక్కడే ఉంటారు. ఆ తర్వాత, తప్పు ఎక్కడుందో పేజీ నంబరుతో సహా రాసి ఎస్ఈకి (సూపరింటెండింగ్ ఇంజనీరుకి), విజిలెన్సుకి ఫిర్యాదు పెట్టండి. అప్పుడు "ఎందుకు" అని అడిగే హక్కు వాళ్ల పై అధికారికి ఉంటుంది, జవాబు చెప్పక తప్పదు.

ముందు అప్పీలు. ఈ రాత్రి రాసి రేపు పోస్టు చేయండి, ఎనిమిదో రోజు దాకా ఆగొద్దు. కొత్త దరఖాస్తుకి కాలువ పేరు, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకానో నాన్నగారినో, లస్కరునో (కాలువ మీద నీళ్లు చూసే ఉద్యోగినో) అడిగి రాసుకోండి, పేరు తప్పైతే "అలాంటి పని లేదు" అని రాస్తారు. లెవెల్స్ షీట్లు వచ్చాక చదవడం రాకపోతే ఫొటో తీసి పెట్టండి, ఏ కాలమ్ దేనికో నేను గుర్తు పెట్టి చెప్తాను.